కింద నిలబడి చదివే అక్షరాలు

కంటోన్మెంట్, బళ్ళారి
2025 జూన్ 9, సోమవారం

హులిగేశ్ మామకు, మేఘ నమస్కరించి రాస్తున్నది.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం మా సంస్థలో డిజైన్ క్లాసు మొదలైన పావుగంటకే ఎదురైంది. రక్షిత మేడమ్ మమ్మల్ని ఏదైనా ఒక అక్షరం ఫోటో తెచ్చుకోమన్నారు. నా ఫోన్లో నువ్వు సైకిల్ షాపు తలుపు మీద రాసిన ‘ల’ ఉంది. దాన్నే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొదట ఫోటోను పెద్దది చేస్తూ పోయాను. కొంతసేపటికి అంచులు మెట్లు మెట్లుగా విరిగి నీ ‘ల’ ఇటుకల కుప్ప అయిపోయింది. తర్వాత మేడమ్ దాని మీదనే చుక్కలు పెట్టి కొత్తగా గీయమన్నారు. పదకొండు చుక్కలు పెట్టాను. చుక్కకూ చుక్కకూ మధ్య గీత నేను లాగినట్టల్లా వంగింది. ఇప్పుడు పెద్దది చెయ్యి అన్నారు. తలుపంత చేశాను. ఇంటంత చేశాను. బళ్ళారి కోట గుట్టంత చేశాను. అంచు ఎక్కడా చెదరలేదు మామా. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్న వాళ్ళు నవ్వారు.

ఫోటో ప్రతి మచ్చనూ మోసుకుని తిరుగుతుంది. ఈ గీత మచ్చలను మోయదు, తనను ఎలా గీయాలో గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఎంత సైజు అడిగితే అంతలో మళ్ళీ గీసుకుంటుంది. దీన్ని వెక్టర్ బొమ్మ అంటారు. ఇంకో వింత చెప్తాను. వెబ్ పేజీలో పెట్టే వెక్టర్ బొమ్మను మామూలు రాత చదివినట్టు తెరిచి చూడవచ్చు. తెరిస్తే లోపల బొమ్మ లేదు, రాత ఉంది! ఇక్కడ మొదలుపెట్టు, అక్కడికి వంగు, ఇక్కడ కలుపు అని అంకెలతో వరసగా రాసి ఉంది. నీ ‘ల’ లోపల ఒక ఉత్తరం ఉన్నట్టు.

ఇలాంటి బొమ్మలు గీసే ప్రోగ్రాములు నాలుగింటిని పోల్చి నేను రిపోర్టు రాయాలి. ఒకే అక్షరాన్ని నాలుగింటిలోనూ గీసి, ఏది దేనికి పనికొస్తుందో చెప్పాలి. జులై చివరికి ఇవ్వాలి.

నేను కన్నడ బడిలో చదివిన దాన్ని. తెలుగు నా నోటిదాకానే ఉండేది, చేతికి తెచ్చింది నువ్వు. ఫోన్ చేస్తే రాత కుదరదు, ఉత్తరమే రాయాలని షరతు పెట్టావు. అందుకే ఇంత పొడుగు. తప్పులుంటే చెప్పు.

ఇట్లు,
మేఘ


చోరనూరు
జూన్ 17, మంగళవారం

చిరంజీవి మేఘకు మామ ఆశీస్సులు.

ఉత్తరం రెండుసార్లు చదివినాను. మూడోసారి మీ అత్తకు వినిపించినాను. తప్పులు నాలుగే. విడిగా రాసి పెట్టినాను.

చుక్కలు పెట్టి గీత తెప్పించడం మాకు కొత్త కాదమ్మీ. పెద్ద బోర్డు రాయాలంటే ముందు మందపాటి కాగితం మీద అక్షరం గీస్తాం. ఆ గీత పొడుగునా సూదితో బెజ్జాలు పొడుస్తాం. కాగితాన్ని గోడకు అంటించి, సున్నం పొడి మూట కట్టి దాని మీద అద్దుతాం. కాగితం తీస్తే గోడ మీద చుక్కల అక్షరం ఉంటుంది. చుక్కలు కలుపుకుంటూ పోతే బోర్డు. ఈ కాగితాన్ని ఖాకా అంటాం. నీ కంప్యూటర్ వాళ్ళు ఖాకాను కనిపెట్టినారు, అంతే. కానీ ఒక ఖాకా ఒకే సైజుకు పనికొస్తుంది. గుట్టంత అయ్యే ఖాకా నేను చూడలేదు. అది చదివి కొంచెంసేపు బ్రష్ పక్కన పెట్టి కూర్చున్నాను.

ఇప్పుడు నాకు నీతో పని పడింది. మన ఊళ్ళో కొత్త లైబ్రరీ కడుతున్నారు. మేడ పిట్టగోడ మీద కన్నడలో ‘గ్రంథాలయ’ అని నాలుగు అక్షరాలు రావాలి. నేలకు ఇరవై రెండు అడుగుల ఎత్తు. ఒక్కో అక్షరం మూడడుగులు, ఇనుప రేకులో కోసినవి. పంచాయతీ బసవరాజప్ప నన్ను పిలిచి చెప్పినాడు.

“కంప్యూటర్లో ఉండే అక్షరాలే కోయిస్తాం హులిగేశప్పా. నీకేంటికి ఈ తలనొప్పి?”

నా అక్షరాలే పెట్టమని అడిగినాను. కోసేది మీ బళ్ళారి గురురాజ్ అంట, అతని మిషన్‌కు కంప్యూటర్ ఫైలు కావాలంట, నెలలోపల తెచ్చిస్తే సరే అన్నాడు. నువ్వున్నావనే ధైర్యంతో ఒప్పుకున్నాను.

నీకు చెప్తే తప్పులేదు. నలభై ఏళ్ళు రాసినాను. తలుపుల మీద, లారీల మీద, గోడల మీద. ఎండ, గనుల ఎర్ర దుమ్ము కలిసి ఏడేళ్ళలో తినేస్తాయి. ఇప్పుడు ఊరంతా తిరిగినా నేను రాసింది పది చోట్ల కనపడదు. ఇనుములో నాలుగక్షరాలు నిలబడితే చాలు.

పరంజా ఎక్కి నేనే రంగుతో రాసేవాణ్ణి కానీ మోకాలు సహకరించడం లేదు. ఈ నాలుగు అక్షరాలకు కొత్తగా ఖాకా గీసి దీంతో పంపుతున్నాను. జాగ్రత్త.

మామ హులిగేశ్

(అంచున, వేరే చేతిరాతలో) అమ్మీ, నేను సుంకలమ్మత్తను. మోకాలు గీకాలు ఏం ల్యా. మీ మామకు కుడి చెయ్యి వణుకుతాంది. ఉగాది కాన్నించి. టీ లోటా గూడ రెండు చేతుల్తో పట్టుకుంటాడు. నీకు చెప్పొద్దన్న్యాడు, కవరు అంటించమని నాకిచ్చినాడు గాబట్టి రాస్తాండా. ఈ కాగితాలు ఐదు దినాలు పగలూ రేత్రీ కూసోని గీసినాడు. తెలిసినట్టు కనపడొద్దు.


కంటోన్మెంట్, బళ్ళారి
జూన్ 28, శనివారం

మామకు నమస్కారాలు.

ఖాకాలు చేరాయి. విప్పగానే నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ‘థా’ను కిటికీ దగ్గర ఎండకు పట్టుకున్నాను. బెజ్జాల్లోంచి వెలుతురు దిగి ఎదురు గోడ మీద అక్షరం పడింది. సున్నం లేదు, రంగు లేదు, ఎండతో రాసిన ‘థా’. హాస్టల్ పిల్లలందరినీ పిలిచి చూపించాను.

ఇక నా పోలిక పని. అందరూ మొదట ఇంక్‌స్కేప్ తెరుస్తారు, ఎందుకంటే అది ఉచితం. మన సుంకలమ్మత్త వంటింట్లాగా ఉంటుంది. అన్నీ ఉంటాయి, ఎక్కడున్నాయో అలవాటైన వాళ్ళకే తెలుసు. ఫోటో ఇస్తే దానంతట అదే గీతలు వెతికి గీసే వీలు అందులో ఉంది. నేను బద్ధకించి నీ ఖాకా ఫోటో ఇచ్చేశాను. అది నీ గీతను చూడలేదు మామా, నీ సూది బెజ్జాలను చూసింది. ఒక్కో బెజ్జానికీ ఒక్కో గుండ్రం గీసింది. ‘గ్రం’ ఒక్కదానికే తొమ్మిది వందల గుండ్రాలు. కంప్యూటర్ కదలడం మానేసింది. “గీత ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది మేఘా, బెజ్జాల మధ్య ఉన్నది నీ కళ్ళల్లో కదా” అన్నారు మేడమ్. అప్పటినుంచి చేత్తోనే గీస్తున్నాను.

ఇలస్ట్రేటర్‌కు నెలనెలా బాడుగ కట్టాలి, అందుకే మా సంస్థ కంప్యూటర్‌లో ఉన్నంతసేపే నాది. దానిలో పెన్ను నూనె రాసినట్టు జారుతుంది. చుక్కలు ఎక్కువైతే, వంపు చెడకుండా తగ్గించి ఇస్తుంది. కోరెల్‌డ్రా బళ్ళారిలో ఏ ప్రింటింగ్ షాపులో అడిగినా ఉంటుంది. పెళ్ళి పత్రికలు, జీన్స్ ప్యాంట్ల లేబుళ్ళు అన్నీ దానిలోనే పుడతాయి. మన రేకు కోసే గురురాజ్ గారు కూడా దానిలోనే ఫైలు తెరుస్తారు. ఫిగ్మా వీటన్నిటికంటే వేరు. దాన్ని ఇంటర్నెట్‌లోనే తెరవచ్చు. వెబ్ పేజీలు చేసేవాళ్ళకు అదే ఇల్లు. అందులో ఒకే చుక్క నుంచి మూడు గీతలు మూడు దిక్కులకు చీలవచ్చు. నేను ఇక్కడ గీస్తుంటే, ఇంకొకరు వాళ్ళ ఊరి నుంచి అదే బొమ్మను అదే క్షణంలో దిద్దవచ్చు. నా అక్షరం పక్కనే వాళ్ళ పేరు రాసిన చిన్న బాణం తిరుగుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు భయం వేసింది, తర్వాత ముద్దొచ్చింది.

నీ ‘ల’ పొట్ట గీయడానికి నాలుగింటిలో నాలుగు పద్ధతులు పట్టాయి. కానీ నాలుగింటిలోనూ ఒకే సంగతి తెలిసింది. వంపు ఎక్కడ మొదలవుతుందో అక్కడ చుక్క పెట్టకూడదు, ఎక్కడ మనసు మార్చుకుంటుందో అక్కడ పెట్టాలి.

అక్షరాలు పూర్తయ్యాయి. అక్కడక్కడా కొంచెం సరిచేశాను, పెద్దగా ఏమీ లేదు. అచ్చు తీసి పంపుతున్నాను. ఎలా ఉన్నాయో రాయి.

మోకాలు ఎలా ఉంది?

మేఘ


చోరనూరు
జులై 8, మంగళవారం

చి. మేఘకు,

అచ్చు అందింది. చాలా శుభ్రంగా ఉంది. పుస్తకంలో అక్షరాల మాదిరి ఉంది. కింది భాగం, పై భాగం సమంగా వచ్చినాయి.

బసవరాజప్పకు చూపించినాను. చెన్నాగిదె, బాగుంది అన్నాడు. “ఇవి నీ చేతివేనా?” అని అడిగినాడు. అచ్చు చుట్టుకుని బయటికి వచ్చేసినాను. నువ్వు చదువుకున్న పిల్లవు, నువ్వు చేసింది సరిగ్గానే ఉంటుంది.

21వ తేదీ సోమవారం పొద్దున పది గంటలకు గురురాజ్ దగ్గర కోత పెట్టినారు. ఫైలు అతనికి ఇచ్చేయి.

మోకాలు బాగుంది. నీ ఉత్తరంలో ఈసారి తప్పులు రెండే.

మామ


కంటోన్మెంట్, బళ్ళారి
జులై 19, శనివారం

మామా,

ఇది పోస్టులో వేస్తే సోమవారానికి అందదు, అందుకే సాయంత్రం బస్సు కండక్టర్‌కు ఇస్తున్నాను. ఇది చదివాక నామీద కోపం రావచ్చు. అయినా మొత్తం చదువు.

ఈ పొద్దున మేడమ్ మమ్మల్ని సంగనకల్లు గుట్టకు తీసుకెళ్ళారు. వేల ఏళ్ళ కిందటి మనుషులు బండల మీద చేసిన బొమ్మలు ఉన్నాయి అక్కడ. ఎద్దు బొమ్మ ఉందని చెప్పిన బండ దగ్గరికి అందరికంటే ముందు నేనే ఎక్కాను. ఎద్దు లేదు. నల్ల బండ మీద తెల్లటి దెబ్బలు, రాయితో రాయిని కొట్టిన చుక్కలు. వేలితో తడిమాను. ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి. నీ ఖాకా గుర్తొచ్చింది. ఏదో కొమ్ములాంటిది పట్టుకోగలిగాను కానీ అది మరీ పొడుగ్గా, వంకరగా ఉంది. వీళ్ళకు గీయడం రాలేదేమో అనుకున్నాను.

నింగప్ప అనే పెద్దాయన ఆ గుట్ట మీద మేకలు మేపుతున్నాడు. నన్ను చూసి కింద నుంచి కేక వేశాడు.

“ఆడ నిలబడితే ఏం కనపడ్తాదమ్మా? బండ కనపడ్తాది. కిందికి దిగి రా.”

దిగి ఆయన పక్కన నిలబడి మెడ ఎత్తాను. ఏటవాలు ఎండలో ఎద్దు నిలబడి ఉంది మామా. మూపురం, వీపు, తోక. పొడుగనుకున్న కొమ్ములు సరిగ్గా తల మీద కూర్చున్నాయి. వాళ్ళు అలా లెక్క వేసే చేశారో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. నేను తప్పుడు చోట నిలబడి, చేసినవాణ్ణి తప్పు పట్టాను.

అక్కడే నీ ఉత్తరంలోని మాట గుర్తొచ్చింది. “కింది భాగం, పై భాగం సమంగా వచ్చినాయి.” అది మెచ్చుకోలు అనుకున్నాను.

ఇప్పుడు నిజం చెప్తాను. నీ చెయ్యి వణుకుతున్న సంగతి నాకు జూన్ నుంచే తెలుసు. ఎలా తెలిసిందని అడగవద్దు. ఖాకాలు చూసినప్పుడు గీతలో చిన్న చిన్న అదురులు కనిపించాయి. వాటితో పాటు ఇంకొకటి కూడా కనిపించింది. నాలుగక్షరాలకూ తలలు పెద్దవి, కాళ్ళు పొట్టివి, పై గీతలు లావు, కింది గీతలు సన్నం. పాపం, చేతికి పట్టు తప్పి ఇలా అయ్యాయి అనుకున్నాను. ఎవరికీ కనపడకూడదని అంతా సమానం చేసేశాను. కొలబద్దలు పెట్టి, ఒక అంచును ఇంకో అంచుకు అతికించి, నాలుగు రోజులు కూర్చుని నీ పనిని చెరిపాను. పైగా పెద్దగా ఏమీ లేదని రాశాను.

గుట్ట మీదనుంచి వచ్చి నీ ‘థా’ను, నా ‘థా’ను పెద్ద కాగితాల మీద అచ్చు తీయించి, హాస్టల్ మేడ పిట్టగోడకు పక్కపక్కన వేలాడదీశాను. కిందికి దిగి రోడ్డు మీద నిలబడి చూశాను. నా ‘థా’ మెడ లేని మనిషిలా భుజాల్లోకి కూరుకుపోయింది. నీది తిన్నగా నిలబడి నా వైపే చూస్తోంది. కాగితం మీద వంకర, గాలిలో నిటారు. ఆటోవాళ్ళు హారన్ కొడుతున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

నాలుగు ప్రోగ్రాముల గురించి ముప్ఫై పేజీలు రాశాను. ఏది నున్నగా వంచుతుంది, ఏది ఉచితం, ఏది వెబ్‌కు, ఏది రేకుకు. నాలుగింటిలోనూ కాగితం మన కళ్ళకు ఎదురుగానే ఉంటుంది. మెడ ఎత్తి చూసే మనిషి ఏ ఒక్కదానిలోనూ లేడు. ఆ మనిషిని నువ్వు నలభై ఏళ్ళుగా మనసులో పెట్టుకుని గీస్తున్నావు. ఇది నాకెందుకు చెప్పలేదు మామా?

గురురాజ్ గారి దగ్గరికి పరుగెత్తాను. రేకు మిషన్ మీద ఎక్కించేశారు. “ఫైలు మార్చాలంటే సోమారం పది లోపల తెచ్చేయ్ మేడం. మిషన్ ఒకసారి మొదలైతే బ్రహ్మ గూడ నిలపలేడు” అన్నారు.

నీ ఖాకాలను ఉన్నవున్నట్టు మళ్ళీ గీశాను. ఆ అచ్చు దీంతో పెట్టాను. కానీ అందులో ఏది చెయ్యి అదరడం వల్ల వచ్చిందో, ఏది నువ్వు కావాలని చేసిందో నాకు తేలడం లేదు. ఫోన్లో చెప్తే అర్థమయ్యే పని కాదు. దాని మీదనే గుర్తులు పెట్టి పంపు. ఇంకోసారి ఊహించి గీసే ధైర్యం నాకు లేదు.

మేఘ


చోరనూరు
జులై 20, ఆదివారం, పొద్దున

మేఘమ్మకు,

నువ్వు పంపిన మొదటి అచ్చు చూసినప్పుడే నీకు తెలిసిందని అర్థమైంది. అందుకే నోరు మూసుకున్నాను. పైభాగం ఎందుకు సరిచేసినావని అడిగితే, చెయ్యి సంగతి బయటికి వస్తుంది. వణికే చేతివాడు ఇది తప్పు కాదు, పనితనం అంటే ఎవరు నమ్ముతారు? నాకే కొంచెం అనుమానం వచ్చింది. నిజంగానే నా చూపు కూడా పోయిందేమో అని. నీ అచ్చును గోడకు పెట్టి రెండు వారాలు చూసినాను.

రాత్రి నీ ఉత్తరం చదివి మీ అత్త వైపు చూసినాను. తను పొయ్యి వైపు తిరిగింది. సరే పోనీ.

కింద నుంచి చూసేవాళ్ళకు పైభాగం చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి, ఎత్తుకు రాసేటప్పుడు తల పెంచి రాయాలని నీకెందుకు చెప్పలేదంటే, అది చెప్పే సంగతి అని నాకు తోచలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు. మా గురువు నన్ను పరంజా మీదనుంచి పదిసార్లు దించి, ప్రతిసారీ రోడ్డు అవతల నిలబెట్టినాడు. అంతే నా చదువు.

అచ్చు మీద గుర్తులు పెట్టినాను. ఎర్ర పెన్సిల్‌తో చుట్టినవి చేతివి. తీసేయి. పద్నాలుగు ఉన్నాయి, మొదటి అచ్చులో నువ్వు తొమ్మిదే పట్టినావు. నీలం పెన్సిల్‌తో చుట్టినవి నావి. వాటి జోలికి పోవద్దు. ‘య’ కొనను కొంచెం పైకి లాగినాను చూడు, అది చూసి నువ్వు వణుకు అనుకుని ఉంటావు. ఎదురుగా బస్టాండు నుంచి వచ్చేవాళ్ళకు అది పక్క నుంచి కనిపిస్తుంది. వాళ్ళ కోసం.

పొద్దున్నే బసవరాజప్ప ఇంటికి పోయి, ఇచ్చిన ఫైలు మారుతుందని చెప్పినాను. చెయ్యి సంగతి కూడా చెప్పేసినాను.

“ఏది పెట్టినా గ్రంథాలయ అనే కదప్పా చదివేది?” అన్నాడు.

“చదువుతార్లే. కానీ దాన్ని చూసి లోపలికి రాబుద్ధి కావల్ల గదా” అన్నాను.

ఆయన నా చెయ్యి వైపు చూసినాడు. “సోమారం పది దాటితే మాత్రం నన్ను అడగొద్దు” అని లోపలికి పోయినాడు.

రేపు మొదటి బస్సుకు వస్తాను. కోయకముందు ఒకసారి నేను కింద నిలబడి చూడాలి.

మామ


కంటోన్మెంట్, బళ్ళారి
జులై 20, ఆదివారం, మధ్యాహ్నం

మామా,

నీ ఉత్తరం, గుర్తులు పెట్టిన అచ్చు తెచ్చిన కండక్టర్ బస్సు తిప్పుకుని వెళ్ళేలోపల ఇది రాసి ఇస్తున్నాను.

పద్నాలుగు ఎర్ర గుర్తులూ తీసేశాను. ఒక్కోటి తీసేటప్పుడు చుక్కను ఒక్క వెంట్రుక వాసి జరిపితే చాలు, గీత ఊపిరి తీసుకున్నట్టు సర్దుకుంది. నీలం గుర్తులున్న చోట చుక్కలకు తాళం వేసే వీలుంది, వేసేశాను. ఇక పొరపాటున కూడా నా చెయ్యి వాటిని కదిలించలేదు. ‘య’ కొన మాత్రం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. బస్సు దిగి వచ్చే మనిషిని, ఇంకా పుట్టని మనిషిని కూడా లెక్కలోకి తీసుకుని ఒక కొనను పైకి లాగవచ్చని నాకు ఇంతవరకు తెలియదు. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. రిపోర్టులో అన్ని పట్టికల కంటే ముందు ఇది రాయమన్నారు. ఏ ప్రోగ్రాము మంచిదన్న ప్రశ్నకు జవాబు రాసే ముందు, చూసేవాళ్ళు ఎక్కడ నిలబడతారో రాస్తాను.

ఫైలు గురురాజ్ గారి మిషన్‌కు సరిపోయే రూపంలో ఇంక్‌స్కేప్ నుంచి తీసి, కోరెల్‌లో తెరిచి చూసుకున్నాను. ఒక్క చుక్క చెదరలేదు. నాలుగక్షరాలనూ అసలు సైజులో అచ్చు తీయించాను. నాలుగు చాపలను చుట్టినట్టు నా మంచం కింద ఉన్నాయి.

రేపు నీ బస్సు ఎనిమిదికి వస్తుంది. బస్టాండుకు నేను రాను, ఎందుకంటే నువ్వు వచ్చేసరికి నాలుగూ మేడ మీద వేలాడుతూ ఉండాలి. ఆటోవాడికి కంటోన్మెంట్‌లో ఆడపిల్లల హాస్టల్ అని చెప్పు. దిగగానే లోపలికి రావద్దు. రోడ్డు అవతల మందుల షాపు ఉంది, దాని అరుగు మీద నిలబడు. మా పిట్టగోడ కూడా నేలకు ఇంచుమించు ఇరవై రెండడుగుల ఎత్తే, తాడు వేసి కొలిచాను. తర్వాత బస్సు దిగి వచ్చేవాళ్ళలాగా పక్కకు నడిచి ఇంకోసారి చూడు. తొందరపడకు, తొమ్మిదిన్నర దాకా సమయం ఉంది. నేను పైనుంచి నిన్నే చూస్తుంటాను. సరిగ్గా ఉన్నాయనిపిస్తే కుడి చెయ్యి ఎత్తు. వణికినా పరవాలేదు, నాకు కనిపిస్తే చాలు, ఫైలు తీసుకుని మెట్లు దిగి వస్తాను.

మేఘ